కారు తలుపు రబ్బరు కథ

మొన్న వానాకాలంలో ఓ శనివారం పొద్దున్నే కారు తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. వెనక సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చూస్తే కింద కార్పెట్ పిండితే నీళ్ళు కారేట్టుంది. అంతకు ముందు రాత్రి హైదరాబాదులో కుండపోత. మొదట ఏసీ నీళ్ళేమో అనుకున్నా. కానీ ఏసీ గొట్టం మూసుకుపోతే తడిసేది ముందు సీటు దగ్గర, డాష్‌బోర్డు కింద. నాకు తడిసింది డ్రైవరు సీటు వెనకాల.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని బొటనవేలితో నొక్కి చూసి, "బీడింగు పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. మార్చాడు. తర్వాతి వానకి మళ్ళీ తడిసింది. "ఈసారి పక్కాగా చేద్దాం సార్" అని తలుపు అంచుల వెంబడి, కింది సందుల్లో, ఎక్కడ చిల్లు కనిపిస్తే అక్కడ సిలికాన్ పూసి పంపించాడు. ఆ తర్వాతి వానకి కార్పెట్ తడవడమే కాదు, బ్రేకు వేసినప్పుడల్లా తలుపులోంచి కొబ్బరిబోండాం ఊపినట్టు గుడగుడమని చప్పుడు కూడా మొదలైంది.

మన భాషలో చెప్పాలంటే ఒక బగ్గుకి ఫిక్సు పెడితే రెండో బగ్గు పుట్టింది. "తలుపులోకి నీళ్ళు ఎలా వస్తున్నాయి?" అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. కొన్నాళ్ళకి తెలిసిందేంటంటే, అసలు నేను అడుగుతున్న ప్రశ్నే తప్పు. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు ఆ రబ్బరు పట్టీ అక్కడికి ఎలా వచ్చిందో చూద్దాం. దానికోసం దాదాపు రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

*

రబ్బరు చెట్టు పాలతో బంతులు చేసుకోవడం మధ్య అమెరికా ప్రజలకి మూడు వేల ఏళ్ళకి పైగా తెలుసు. యూరపు వాళ్ళకి మాత్రం దాంతో ఏం చెయ్యాలో చాలాకాలం పాలుపోలేదు. 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇది పెన్సిలు గీతల్ని చెరపడానికి బాగుందని రాశాడు. రుద్దేది కాబట్టి 'రబ్బర్' అయింది. ఇంగ్లీషువాళ్ళ నోట అది 'ఇండియా రబ్బర్'. అమెరికా ఖండాల నుంచి వచ్చినదానికి మన పేరు తగిలించడం వాళ్ళకి అలవాటే కదా. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటు చేశాడు.

చిక్కేంటంటే ఆ రబ్బరు ఎండాకాలంలో జిగురయ్యేది, చలికాలంలో చెక్కయ్యేది. 1830ల్లో అమెరికాలో రబ్బరు కంపెనీలు బోలెడు పుట్టాయి. ఒక వేసవి దాటేసరికి బూట్లు, టోపీలు కరిగి ముద్దలై కంపు కొడుతూ వెనక్కి వచ్చేవి. ఆ కంపెనీలన్నీ వచ్చినంత వేగంగానూ మునిగిపోయాయి. మనం 2000లో చూసిన డాట్‌కామ్ బుడగకి ముత్తాత అన్నమాట.

ఆ మునిగిన పడవలోకి కోరి ఎక్కినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్. అప్పటికే ఇనుప సామాన్ల వ్యాపారం దివాలా తీసి, అప్పులకి జైలు కూడా చూసిన మనిషి. కెమిస్ట్రీ చదువుకోలేదు. ఇంట్లో వంటగిన్నెల్లోనే రబ్బరుకి దొరికిన పొడి అల్లా కలిపి చూసేవాడు. ప్రభుత్వం నుంచి తపాలా సంచుల ఆర్డరొకటి సంపాదిస్తే ఆ సంచులు కూడా వేసవి వేడికి కరిగిపోయాయి. 1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి వేడి పొయ్యికి తగిలింది. కరగాల్సింది పోయి, తోలులా గట్టిపడింది. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చుకోవడానికి ఆయనకి ఇంకొన్నేళ్ళు పట్టింది. 1844 జూన్ 15న పేటెంటు వచ్చింది. ఈలోపు ఇంగ్లండులో థామస్ హాంకాక్ గుడ్‌ఇయర్ రబ్బరు నమూనాలు చూసి, గంధకం సంగతి పసిగట్టి, అక్కడి పేటెంటు తన పేరున రాయించేసుకున్నాడు.

1860లో గుడ్‌ఇయర్ చనిపోయేనాటికి అప్పు దాదాపు రెండు లక్షల డాలర్లు. ఇప్పుడు మనం చూసే గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ ఆయనది కాదు. 1898లో వేరేవాళ్ళు పెట్టి, గౌరవంగా ఆయన పేరు తగిలించారు. పేరైతే మిగిలింది.

ఇంతకీ గంధకం చేసిందేంటి? రబ్బరంటే పొడుగాటి అణువుల గొలుసులు, సేమ్యా కుప్పలాగా. వేడి చేస్తే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. గంధకం ఆ పోగుల మధ్య అక్కడక్కడా ముడులు వేస్తుంది. ఇక లాగితే సాగుతాయి, వదిలితే వెనక్కొస్తాయి. ఈ వెనక్కి రావడమనేదే మన కథకి ముఖ్యం. తలుపు సీలు నీళ్ళని ఆపేది మందంగా ఉండి కాదు. తలుపు మూసినప్పుడు నలిగి, తిరిగి లేవాలని ప్రయత్నిస్తూ ఇనుముని నెడుతూ ఉంటుంది చూడండి, ఆ నెట్టుడుతో ఆపుతుంది.

*

కనిపెట్టడం ఒక కథ. ఆ పాలు ఎవరు గీసి తెచ్చారన్నది ఇంకో కథ, అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు.

1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక, ఆ తర్వాత కార్లొచ్చాక రబ్బరుకి గిరాకీ అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. అప్పుడదంతా అడవి రబ్బరే. బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఏలుకున్న కాంగోలో కోటా ప్రకారం రబ్బరు తేని ఊళ్ళమీద జరిగిన దాష్టీకం, నరికిన చేతుల ఫోటోలు చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ 1904లో దానిమీద నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాత అమెజాన్‌లోని పుటుమాయోలో అలాంటి ఘోరమే జరుగుతోందని మళ్ళీ ఆయనే వెళ్ళి రాశాడు.

ఇంకోపక్క 1876లో హెన్రీ వికమ్ అనే ఆయన బ్రెజిల్ నుంచి 70,000 రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకి చేర్చాడు. మొలకెత్తినవి మూడు వేలు కూడా లేవు. వాటిలోంచి సిలోనుకి, సింగపూరుకి, మలయాకి మొక్కలు వెళ్ళాయి. సింగపూరులో తోటల అధికారి హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతి కనిపెట్టాడు. కాఫీ తోటల వాళ్ళని రబ్బరు వేసుకోమని ఎంతగా వేధించాడంటే ఆయనకి పిచ్చి రిడ్లీ అని పేరు పడిపోయింది.

మలయా తోటల్లో పాలు గీసింది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన కూలీలు. ఎక్కువమంది తమిళులు. వాళ్ళతోపాటు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఎండెక్కితే పాలు కారడం తగ్గిపోతుంది కాబట్టి తెల్లవారకముందే లేచి చెట్టు చెట్టుకీ తిరిగి గియ్యాలి. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాన్ చేతికి చిక్కాక అదే తోటల కూలీలని సయాం-బర్మా రైలుమార్గానికి పట్టుకుపోయారు. 415 కిలోమీటర్ల లైను, 1943 అక్టోబరుకల్లా పూర్తి చేశారు. కలరాతో, మలేరియాతో, తిండి లేక మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు పన్నెండు వేలకి పైగా చనిపోయారు. ఆసియా కూలీల చావులు దానికి ఎన్నో రెట్లు. ఖైదీల పేరున సమాధులున్నాయి, సినిమాలొచ్చాయి. కూలీల పేర్లు చాలామటుకు ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఈసారి మలేషియా వెళ్ళినప్పుడు అక్కడి తెలుగువాళ్ళతో రెండు ముక్కలు మాట్లాడండి, తాతల కథలు చెప్తారు.

జపాన్ మలయాని పట్టుకోవడంతో అమెరికాకి వచ్చే సహజ రబ్బరు దాదాపు 90 శాతం ఆగిపోయింది. దాంతో యుద్ధం ముగిసేలోపు కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు లేచాయి. మన తలుపు సీలు కథ ఇక్కడి నుంచి మలుపు తిరుగుతుంది.

*

కానీ అంతకంటే ముందు అసలు కార్లకి తలుపు సీళ్ళ అవసరం ఎప్పుడొచ్చింది? తొలి కార్లు పైన కాన్వాసు కప్పిన గుర్రబ్బగ్గీలే. వానొస్తే అందరూ తడిసేవాళ్ళు, లీకు అన్న మాటకే అర్థం లేదు. అమెరికాలో 1919లో తయారైన కార్లలో నాలుగు వైపులా మూసిన బాడీ ఉన్నవి పదింట ఒకటి. 1927 కల్లా పదింట ఎనిమిది దాటాయి. ఎనిమిదేళ్ళలో జనం వానలో పొడిగా ఉండటం తమ హక్కనుకోవడం మొదలుపెట్టారు. అయినా కారు కప్పు మధ్యలో గుడ్డే ఉండేది, ఎందుకంటే అంత వెడల్పు ఇనుపరేకు ఒకే ముక్కగా నొక్కడం కష్టం. 1935 మోడళ్ళతో జనరల్ మోటార్స్ వాళ్ళు పూర్తి ఇనుప కప్పు తెచ్చారు. కప్పు కుదిరింది. ఇక మిగిలినవి తెరుచుకునే చోట్లు. అంటే తలుపులు, అద్దాలు, డిక్కీ.

అక్కడ సహజ రబ్బరు పెడితే రెండు మూడేళ్ళలో అడ్డంగా సన్నటి పగుళ్ళు. మన ఇళ్ళల్లో పాత ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టు, సైకిలు టైరు పక్కల చూసే ఉంటారు. అదంతా ఎండ పనే అనుకుంటాం. అసలు దొంగ ఓజోన్. గాలిలో లవలేశంగా ఉన్నా చాలు, సాగదీసి ఉన్న రబ్బరు గొలుసుల్లోని జంట బంధాల్ని తెంపేస్తుంది. 1940ల చివర, 50ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌ని పొగమంచు లాంటిదేదో కమ్మేసి, కళ్ళు మండుతుంటే అదేంటో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ఊళ్ళో టైర్లు కూడా తొందరగా పగులుతుండేవి. కాల్‌టెక్‌లో ఆరీ హాగన్-స్మిట్ అనే శాస్త్రవేత్త వంచిన రబ్బరు ముక్కల్ని ఆ గాలిలో పెట్టి, ఎంతసేపటికి పగులుతాయో చూసి ఓజోన్ ఎంతుందో కొలిచాడు. చెడిపోవడమనే గుణాన్నే మీటరుగా వాడుకోవడం, నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ముచ్చట ఇది.

దీనికి మందు రెండు దఫాల్లో వచ్చింది. 1931లో డ్యూపాంట్ వాళ్ళు అమ్మకానికి తెచ్చిన నియోప్రీన్ ఓజోన్‌ని చాలా మేరకు తట్టుకుంది. ఆ తర్వాత జీగ్లర్, నాట్టా 1950ల్లో కనిపెట్టిన ఉత్ప్రేరకాల పుణ్యమా అని 1960ల మొదట్లో ఈపీడీఎం అనే రబ్బరు వచ్చింది. ఆ ఇద్దరికీ 1963లో నోబెల్ ఇచ్చారు. ఈపీడీఎంలో కిటుకు చాలా సింపుల్. ముడులు వెయ్యడానికి జంట బంధాలు కావాలి కదా, వాటిని అసలు గొలుసులో కాకుండా పక్కకి కొమ్మల్లా పెట్టారు. ఓజోన్ కొమ్మని కొరికినా గొలుసు తెగదు. ఇవాళ మీ కారు తలుపు చుట్టూ ఉన్న నల్లటి మెత్తటి బోలు పట్టీ దాదాపుగా ఇదే.

మా పెదనాన్నగారి అంబాసిడర్‌కి ముందద్దం చుట్టూ ఉన్న లావుపాటి రబ్బరు పట్టీని తణుకులో మార్చడం చిన్నప్పుడు చూశాను. సబ్బునీళ్ళు రాసి, పట్టీ గాడిలో తాడు చుట్టి, ఒకడు బయటినుంచి అద్దం అదిమి పడితే ఇంకొకడు లోపల్నుంచి తాడు మెల్లగా లాగుతుంటే రబ్బరు పెదవి ఇనుప అంచు మీదకి ఎక్కి కూర్చుంటుంది. అంత చేసినా గట్టి వానకి పెదనాన్నగారి మోకాళ్ళ మీద చుక్కలు పడేవి. ఆయన తువ్వాలు పరుచుకుని నడిపేవారు తప్ప ఒక్కనాడు విసుక్కోలేదు. ఇప్పటి కార్లకి ముందద్దం పాలీయురేథేన్ జిగురుతోనే అతికిస్తున్నారు, ఆ తాడు విద్య తెలిసినవాళ్ళు తగ్గిపోయారు.

*

సరే, కరగని రబ్బరు వచ్చింది, పగలని రబ్బరు వచ్చింది. ఇంకా ఎందుకు లీకవుతున్నట్టు?

ఎందుకంటే ఏళ్ళతరబడి నలిగి ఉన్న రబ్బరు నెమ్మదిగా నలిగిన ఆకారానికే అలవాటు పడిపోతుంది. పగులు ఉండదు, చిరుగు ఉండదు, చూడ్డానికి కొత్తదానిలానే ఉంటుంది. వెనక్కి నెట్టడం మానేస్తుంది, అంతే. చలికి కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే తాత్కాలికంగా.

ఈ చిన్న విషయం ఏడుగురి ప్రాణాలు తీసింది. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకి ముక్కలైంది. పక్క రాకెట్టు భాగాలు కలిసేచోట దాదాపు 7 మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు రింగులు రెండేసి ఉండేవి. ఆ పొద్దున చలి 2 డిగ్రీల దగ్గర. అంతకు ముందు చలిలో ఎగిరిన రికార్డు 12 డిగ్రీలు. రింగు వెంటనే వెనక్కి లేవలేకపోయింది, వేడి వాయువులు బయటికి తన్నుకొచ్చాయి. ఫిబ్రవరి 11న విచారణ జరుగుతుండగా రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని క్లాంపులో నొక్కి, గ్లాసు ఐసు నీళ్ళలో ముంచి, తీసి చూపించాడు. అందరికీ అర్థమైంది.

మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఐసు గ్లాసుకి ముందు జరిగింది. అంతకు ముందు ఎగిరినప్పుడే మొదటి రింగుని దాటి మసి రావడం ఇంజనీర్లు చూశారు. డిజైను ప్రకారం అసలు రాకూడదు. కానీ రెండో రింగు ఆపింది కదా, ఏం కాలేదు కదా అని ప్రతిసారీ కాస్త ఎక్కువ మసిని మామూలు కింద జమకట్టేశారు. రోజర్ బోయిజోలీ అనే ఇంజనీరు 1985 జూలైలోనే ప్రాణాలు పోతాయని మెమో రాశాడు. ముందురోజు రాత్రి కాన్ఫరెన్స్ కాల్‌లో ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఈ చలిలో వద్దని వాదించారు. పైవాళ్ళు వినలేదు. ప్రొడక్షన్‌లో రోజూ వచ్చే ఎర్రర్‌ని "అది ఎప్పుడూ వచ్చేదేలే" అని వదిలేసే టీములో నేనూ పనిచేశాను. అందుకే ఈ భాగం చదువుతుంటే కాస్త సిగ్గేసింది.

*

ఇప్పుడు మళ్ళీ నా తలుపు దగ్గరికొద్దాం. 1963లో కెనడాలో జి.కె. గార్డెన్ అనే పరిశోధకుడు పెద్ద భవనాల గోడల్లోకి వాన ఎలా వస్తుందో ఒక చిన్న వ్యాసం రాశాడు. నీళ్ళు లోపలికి రావాలంటే మూడు ఉండాలన్నాడు. నీళ్ళు, ఒక సందు, నీళ్ళని ఆ సందులోంచి తోసే బలం. వానని మనం ఆపలేం. సందులన్నీ మూసేశాం అనుకుంటాం గానీ ఏదో ఒకటి మిగులుతుంది, ఇవాళ లేకపోతే ఐదేళ్ళకి తెరుచుకుంటుంది. అంచేత బయటి పొర కొంత నీటిని రానివ్వచ్చు, వెనక ఖాళీ ఉంచి, వచ్చిన నీళ్ళు కిందికి జారి బయటికి పోయే దారి పెట్టండి అన్నాడు.

కారు తలుపు సరిగ్గా ఇలాగే కట్టి ఉంటుంది. అద్దం పక్కనున్న సన్నటి పట్టీ నీళ్ళని పూర్తిగా ఆపదు. ఆపాలని పెట్టిందీ కాదు. అద్దం మీద కారిన వాన తలుపు లోపలికి దిగుతుంది, అడుగునున్న చిల్లుల్లోంచి రోడ్డు మీదకి పోతుంది. లోపలి అట్టకీ ఇనుముకీ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు జిగురుతో అతికించి ఉంటుంది, ఆ నీళ్ళు క్యాబిన్ వైపు రాకుండా. తలుపు చుట్టూ ఉన్న బీడింగు వేరే, అది తలుపుకీ బాడీకీ మధ్య సందు కోసం.

అంటే "తలుపులోకి నీళ్ళు ఎలా వస్తున్నాయి" అన్న నా ప్రశ్నకి జవాబు, "రావాలి కాబట్టి". అడగాల్సింది "వచ్చిన నీళ్ళు బయటికి ఎందుకు పోవడం లేదు" అని. మెకానిక్కు సిలికాన్‌తో మూసింది ఆ చిల్లుల్నే.

చివరికి ఒక గల్లీలో పెద్దాయన, డెంటింగు పని చేసేవారు, తలుపు లోపలి అట్ట ఊడదీసి ఒక్క మాట అడిగారు. "స్పీకర్లు ఎప్పుడు పెట్టించావు బాబూ?" రెండేళ్ళ కింద. పెట్టినవాడు వైరు కోసం ప్లాస్టిక్ షీటుని బ్లేడుతో కోసి, మళ్ళీ అతికించకుండా అట్ట బిగించేశాడు. అది నాకు తెలీదు, అడగనూ లేదు. పెద్దాయన కొత్త షీటు కోసి, బ్యూటైల్ టేపుతో అంటించి, చిల్లుల్లో సిలికాన్ గీకేశారు. అరలీటరుకి పైగా నీళ్ళు కారాయి. ఆ పాత బీడింగు మార్చాల్సిన అవసరమే లేదని కూడా అన్నారు. నా డబ్బులు గోవిందా.

మీకూ ఇలాంటిది వస్తే చేయాల్సిన వరస ఇది. ముందు తలుపు అడుగున చిల్లులు చూడండి, ప్లాస్టిక్ పుల్లతో మట్టి తీసెయ్యండి. సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు, ముందద్దం కింద ఆకులు పేరుకునే చోటు కూడా చూడాలి. తర్వాత బీడింగు మీద ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు ఇంకా నెడుతోంది, జారి వచ్చేస్తే ఆ చోట చచ్చిపోయింది. చుట్టూ ఒకేలా వదులుగా ఉంటే రబ్బరు మార్చండి. ఒక్క మూలే వదులైతే తలుపు వాలిందేమో, కీళ్ళు సరిచేయిస్తే సరిపోవచ్చు. ఇంకా తెలియకపోతే ఒకరు లోపల టార్చితో కూర్చోండి, ఇంకొకరు పైపుతో కిందినుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్ళు పట్టాలి. పైనుంచి మొదలెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. రబ్బరుకి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. కిరోసిను, ఇంజనాయిలు, వ్యాజలీను వద్దు, పెట్రోలియం నూనెలకి ఈపీడీఎం ఉబ్బి పాడవుతుంది.

ఇంత కథ చదివాక నాకు మిగిలింది ఒకటే. గుడ్‌ఇయర్ నుంచి ఈపీడీఎం దాకా అందరూ చెడిపోని రబ్బరు కోసం వెతికారు, వాళ్ళకి దండం. కానీ కారు లోపలి మనిషిని పొడిగా ఉంచుతున్నది రబ్బరు ఒక్కటే కాదు. ఇదెప్పుడో ఒకప్పుడు లీకవుతుందని ముందే ఒప్పుకుని, తలుపు అడుగున నాలుగు చిల్లులు పెట్టినవాడు కూడా. కోడు రాసేటప్పుడు ఎర్రర్‌ని ఎలా మూసేద్దామా అని చెయ్యి సిలికాన్ ట్యూబు వైపు వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు ఆ గుడగుడ చప్పుడు గుర్తొస్తోంది.

అన్నట్టు, మీ కారుకి బయటెక్కడైనా స్పీకర్లు పెట్టించి ఉంటే వానలు మొదలవకముందే ఆ అట్ట ఒకసారి ఊడదీయించి చూడండి.